మూడో చేతిలో పెట్టడం

1951 ఆగస్టు 10న కొరియాలోని కేసాంగ్ పట్నంలో ఒక బల్లకు అటూ ఇటూ కూర్చున్న సైనికాధికారులు 2 గంటల 11 నిమిషాల పాటు ఒకరితో ఒకరు ఒక్క మాటైనా మాట్లాడలేదు. అటు ఉత్తర కొరియా జనరల్ నామ్ ఇల్, ఇటు ఐక్యరాజ్యసమితి సేనల తరఫున అమెరికా వైస్ అడ్మిరల్ టర్నర్ జాయ్. కాల్పులు ఆపితే రేఖ ఎక్కడ గీయాలన్నది తగాదా. చెప్పాల్సింది ఇద్దరూ చెప్పేశారు, దిగివచ్చే ఉద్దేశం ఇద్దరికీ లేదు, ముందుగా లేచి వెళ్ళినవాడు చర్చలు చెడగొట్టాడన్న నింద మోయాలి. అందుకని అలాగే మొహమొహాలు చూసుకుంటూ కూర్చున్నారు. అంతకు నెల ముందు, జూలై 10న ఈ చర్చలు మొదలైన కొత్తలో, బల్ల మీద ఒకరు చిన్న జెండా పెడితే రెండోవారు దానికంటే ఎత్తైన జెండా తెచ్చి పెట్టారు. ఈ సంగతులు వింటే పిల్లచేష్టల్లా అనిపిస్తాయి. కానీ ఆ గదికి కొద్ది మైళ్ళ దూరంలో కొండల మీద మనుషులు చచ్చిపోతూనే ఉన్నారు. కొరియా యుద్ధంలో అమెరికా సైన్యానికి జరిగిన మొత్తం నష్టంలో, అంటే చనిపోయినవారూ గాయపడినవారూ కలిపి, దాదాపు 45 శాతం ఈ చర్చలు మొదలైన తర్వాత జరిగింది. కొరియన్ల ప్రాణాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇలాంటి కథ విన్నప్పుడు, ఇద్దరికీ సమ్మతమైన షరతు దొరకలేదు కాబట్టే రాజీ కుదరలేదని అనుకుంటాం. లేదంటే నాయకుల మొండితనం మీదికి తోసేస్తాం. రెండిట్లోనూ కొంత నిజముంది. కానీ పోరాటాలు ఎలా ముగిశాయో, ఎలా ముగియలేదో దగ్గరగా చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. షరతు చాలాసార్లు ఎప్పుడో దొరికి ఉంటుంది. దొరకనిదల్లా, ఆ షరతుకు తలూపి వచ్చి తనవాళ్ళ ముందు తలెత్తుకొని నిలబడే దారి. ఎదుటివాడికి ఇవ్వడం కష్టం కాదు, ఎదుటివాడి చేతికి ఇచ్చినట్టు కనబడటం కష్టం. ఈ చిక్కు విప్పడానికి లోకం కనిపెట్టిన ఉపాయాలు తక్కువ. వాటిలో ఒకటి బాగా పనిచేసింది, దాని రూపకల్పనలో మన దేశానికి పెద్ద పాత్ర ఉంది, అయినా దాన్ని మనమే పెద్దగా తలచుకోం. ఈ పూట దాని గురించి చెబుతాను.

కేసాంగ్ నుంచి చర్చలు 1951 అక్టోబరులో పన్‌మున్‌జోమ్ అనే చిన్న పల్లెకు మారాయి. నవంబరు 27కల్లా, అంతగా కొట్టుకున్న రేఖ సంగతి తేలిపోయింది. సైన్యాలు ఎక్కడ ఎదురెదురుగా ఉన్నాయో అదే రేఖ అన్నారు. 1952 వేసవి వచ్చేసరికి మిగిలినవన్నీ తేలాయి, ఒక్కటి తప్ప: యుద్ధ ఖైదీలు. దీన్ని ఎవరూ పెద్ద సమస్యగా ఊహించలేదు. 1949 జెనీవా ఒప్పందం యుద్ధం ఆగగానే ఖైదీలను విడిచి వాళ్ళ దేశానికి పంపాలని స్పష్టంగానే చెప్పింది. 1951 డిసెంబరులో రెండు పక్షాలూ జాబితాలు మార్చుకున్నాయి. ఐక్యరాజ్యసమితి సేనల దగ్గర 1,32,000 మందికి పైగా, చైనా, ఉత్తర కొరియా కమ్యూనిస్టుల దగ్గర పదకొండున్నర వేల మంది. అయితే ఇటువైపు శిబిరాల్లో ఉన్నవారిలో చాలామంది వెనక్కి వెళ్ళనంటున్నారు. వాళ్ళలో చైనా జాతీయవాద నేత చాంగ్ కై షేక్ సైన్యంలో పనిచేసి తర్వాత కమ్యూనిస్టు సైన్యంలోకి మళ్ళించబడ్డ చైనీయులున్నారు, బలవంతంగా ఉత్తరాది సైన్యంలో చేర్చబడ్డ దక్షిణ కొరియన్లున్నారు. 1945లో తమ చేతిలో ఉన్న సోవియట్ ఖైదీలను ఇష్టం లేకున్నా స్టాలిన్‌కు అప్పగించిన సంగతి, వాళ్ళలో ఎందరో తర్వాత కష్టశిబిరాల పాలైన సంగతి అమెరికన్లు మరచిపోలేదు. అధ్యక్షుడు ట్రూమన్ బలవంతంగా ఎవరినీ పంపేది లేదన్నాడు. ఒప్పందంలో రాసుకున్నట్టు అందరినీ పంపాల్సిందేనని చైనా, ఉత్తర కొరియా పట్టుబట్టాయి.

ఇక్కడ ఒక అంకె చేసిన పని చూడండి. 1952 ఏప్రిల్ మొదట్లో అమెరికన్లు, మొత్తం మీద 1,16,000 మంది దాకా తిరిగి వెళ్ళవచ్చని అవతలివారికి అంచనాగా చెప్పారు. ఆ లెక్కయితే చైనా, ఉత్తర కొరియా ఎలాగో సర్దుకునేవేమో. ఖైదీలను ఒక్కొక్కరినీ అడిగి చూశాక, ఏప్రిల్ 19న, 70,000 మందే అన్నారు. ఆ అంకెతో గదిలో వాతావరణమే మారిపోయింది. తమ కోసం పోరాడిన సైనికుల్లో దాదాపు సగం మంది తమ దగ్గరికి రావడానికి ఇష్టపడటం లేదని లోకం ముందు సంతకం పెట్టి ఒప్పుకోమంటే ఏ ప్రభుత్వం ఒప్పుకుంటుంది? అప్పటికి మూడేళ్ళు కూడా నిండని చైనా కమ్యూనిస్టు ప్రభుత్వం అసలే ఒప్పుకోదు. ఇటు ట్రూమన్ ప్రభుత్వానికి, నమ్మి తమ వైపు నిలిచినవాళ్ళను తుపాకీ చూపి వెనక్కి తోలడం చావుతో సమానం. ఇద్దరికీ కావలసింది నిజానికి యుద్ధం ఆగడమే. ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. 1952 అక్టోబరు 8న అమెరికా తరఫు జనరల్ హారిసన్ చర్చలు వాయిదా వేసి లేచి వచ్చేశాడు. తర్వాత ఆరు నెలలకు పైగా ఆ బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు.

ఆ ఖాళీ కాలంలో, న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సభలో భారత్ ఒక ప్రతిపాదన పెట్టింది. దాన్ని తయారుచేసినవాడు వి.కె. కృష్ణ మీనన్. దాని సారాంశం ఇంతే: ఖైదీలను ఎవరికి వారు ఉంచుకోవద్దు, ఎదుటివారికి అప్పగించనూ వద్దు. తటస్థ దేశాల సంఘం ఒకటి వేసి దాని చేతిలో పెట్టండి. వెళ్ళడానికి గానీ, ఉండిపోవడానికి గానీ ఎవరి మీదా బలప్రయోగం ఉండదు. మన పల్లెల్లో భూమి తగాదానో అన్నదమ్ముల పంపకమో పెద్దమనుషుల్లో పెట్టినప్పుడు, తేలేదాకా ఆ సొమ్ము మధ్యవర్తి దగ్గర ఉంచమంటారు చూడండి, ఆ పద్ధతే ఇది. సొమ్ము ఎవరిదన్నది అప్పటికి తేలదు. కానీ నేను వాడికి ఇచ్చానన్న మాట ఎవరి మీదా పడదు. మీనన్ ప్రతిపాదన ఖైదీల సమస్యను పరిష్కరించిందనను. పరిష్కారం రావడానికి అడ్డుపడుతున్న అవమానాన్ని పక్కకు తీసింది. అదే చాలా గొప్ప పని. అప్పట్లో దానికి దక్కిన గౌరవం మాత్రం తక్కువ. అమెరికా విదేశాంగ మంత్రి ఆచెసన్‌కు మొదట అది నచ్చలేదు. సోవియట్ ప్రతినిధి విషిన్‌స్కీ భారత్ మీద నిప్పులు కురిపించాడు. డిసెంబరు 3న 54 దేశాలు అనుకూలంగా, 5 దేశాలు వ్యతిరేకంగా ఓటు వేయగా సభ దాన్ని ఆమోదించింది. చైనా తిరస్కరించింది. అంతటితో అది చచ్చిపోయిందనుకున్నారు.

ఆరు నెలలు తిరిగేసరికి, 1953 జూన్ 8న పన్‌మున్‌జోమ్‌లో ఖైదీల విషయంలో సంతకాలయ్యాయి. ఆ కాగితంలో ఉన్నది చాలావరకు మీనన్ పద్ధతే. తటస్థ సంఘంలో స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకొస్లొవేకియా, వాటికి అధ్యక్ష స్థానంలో భారత్. ఖైదీలకు కాపలా భారత సైన్యం. ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. మధ్యలో చైనా, ఉత్తర కొరియాల వెనక నిలిచిన స్టాలిన్ చనిపోయాడు కదా, మార్చి 5న? అతను పోయిన మూడు వారాలకే చైనా ప్రధాని చౌ ఎన్ లై మెత్తబడ్డాడు కదా? మరి యుద్ధం ఆపింది చావా, ప్రతిపాదనా? స్టాలిన్ మరణం లేకపోతే అప్పుడే ఆగేది కాదన్నది నేనూ ఒప్పుకుంటాను. అయితే మాస్కోలో మనసు మారాక కూడా, వాళ్ళకు అమెరికా షరతుకు తలొగ్గామన్న పేరు రాకుండా నడిచే దారి కావాలి. ఆ దారి అప్పటికే వేసి ఉంది. అది లేకపోతే, మనసు మారినా జాబితాల గొడవ దగ్గరే మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చేది. యుద్ధంతో అలసిపోతే పక్షాలు బల్ల దగ్గరికి వస్తాయి, నిజమే. కానీ కొరియాలో 1951 జూలై నాటికే ఇద్దరూ అలసిపోయారు, ఆ తర్వాత రెండేళ్ళు కొట్టుకున్నారు. అలసట ఒక్కటే చాలదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఆ చివరి నెలల్లో పోర్క్ చాప్ అన్న పేరు పెట్టిన ఒక చిన్న కొండ కోసం వందలమంది చచ్చారు. సంధికి రెండు వారాల ముందు, జూలై 11న, అమెరికన్లు దాన్ని వదిలేసి దిగి వచ్చారు. అటూ ఇటూ కలిసి ఆ కొండ మీద పోగొట్టుకున్న కుర్రవాళ్ళను తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఒప్పందం కుదిరిందనగానే సొంత పక్షం నుంచే దెబ్బ పడింది. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీకి దేశమంతా ఒక్కటి కాకుండా యుద్ధం ఆగడం ఇష్టం లేదు. జూన్ 18న తన కాపలాదారుల చేత శిబిరాల గేట్లు తీయించి సుమారు 27,000 మంది ఖైదీలను వదిలేశాడు. మూడో చేతికి చేరాల్సిన సొమ్మును దారిలోనే చెల్లాచెదురు చేశాడన్నమాట. అమెరికా అతన్ని రక్షణ ఒప్పందంతో, ఆర్థిక సహాయంతో ఊరడించింది. అడ్డుపడనని మాటిచ్చాడే తప్ప సంతకం మాత్రం పెట్టలేదు. భారత సైనికులు తన నేల మీద కాలు పెట్టకూడదన్నాడు. దాంతో ఇంచియాన్ రేవులో ఓడలు దిగాల్సిన మనవాళ్ళను అమెరికన్ హెలికాప్టర్లలో నేరుగా సైన్యరహిత ప్రాంతానికి తరలించాల్సి వచ్చింది. ఎదుటి శత్రువుతో రాజీకి రెండేళ్ళు పట్టిందని చెప్పుకుంటాం. సొంతవాణ్ణి ఊరుకోబెట్టడం ఎంత కష్టమైందో చరిత్ర పుస్తకాల్లో ఒక పేరాతో సరిపెడతారు. నా దృష్టిలో అసలు సంప్రదింపులు అక్కడే జరిగాయి.

సైన్యరహిత ప్రాంతంలో మన సైన్యం వేసుకున్న గుడారాల ఊరికి హింద్ నగర్ అని పేరు పెట్టుకున్నారు. తటస్థ సంఘానికి అధ్యక్షుడు లెఫ్టినెంట్ జనరల్ తిమ్మయ్య, కాపలా దళానికి నాయకుడు మేజర్ జనరల్ తోరట్. వెళ్ళనన్న 22,600 మందికి పైగా ఖైదీలు ఇటు నుంచి, 359 మంది అటు నుంచి మన చేతికి వచ్చారు. ఒక్కొక్కరినీ గుడారంలోకి తెచ్చి కూర్చోబెడతారు. సొంత దేశపు ప్రతినిధులు ఎదురుగా కూర్చొని తిరిగి రమ్మని నచ్చజెబుతారు. తర్వాత అతను లేచి, రెండు ద్వారాల్లో ఒకదానిగుండా బయటికి నడవాలి. ఒకటి ఇంటికి, రెండోది ఇంటికి కాదు. కొందరు ఆ గుడారాల్లోకి రావడానికే నిరాకరించారు, కొందరు ప్రతినిధుల మీద కుర్చీలు ఎత్తారు. తొంభై రోజుల గడువులో ఈ వివరణలు నిజంగా సాగిన రోజులు చాలా కొద్ది. చివరికి ఆ 22,600 మందిలో మనసు మార్చుకొని వెళ్ళినవాళ్ళు ఆరు వందల పైచిలుకు. అటువైపు 21 మంది అమెరికన్లు, ఒక బ్రిటిష్ సైనికుడు చైనాలోనే ఉంటామన్నారు. ఎవరికీ సంతృప్తి కలగలేదు. తిమ్మయ్యను రెండు పక్షాలూ తప్పుపట్టాయి. కానీ ఆ వ్యవహారమంతా జరుగుతున్నప్పుడు ఫిరంగులు మోగలేదు.

ఇక్కడ మనస్సాక్షి ఉన్నవాళ్ళు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. పరువు కాపాడే ఏర్పాట్ల పేరుతో న్యాయాన్ని కప్పిపుచ్చడం కాదా ఇది? ఖైదీల ఇష్టం అన్నారు కదా, ఆ ఇష్టం స్వేచ్ఛగా చెప్పిందేనా? కాదు, అన్నివేళలా కాదు. దక్షిణాది శిబిరాల్లో కమ్యూనిస్టు వ్యతిరేక ముఠాల రాజ్యం నడిచింది. వెనక్కి వెళతానన్నవాణ్ణి కొట్టారు, ఒళ్ళంతా కమ్యూనిస్టు వ్యతిరేక నినాదాలు పచ్చబొట్లు పొడిచారు. కొన్ని శిబిరాల్లో కమ్యూనిస్టులూ ఇదే పని చేశారు. కోజె దీవి శిబిరంలో 1952 మేలో ఖైదీలు ఏకంగా అమెరికన్ జనరల్‌నే పట్టి బంధించారు. బలవంతంగా ఎవరినీ పంపకూడదన్న సూత్రం సరైనదే, దాన్ని అమలుచేసిన తీరులో తప్పుంది. ఆ తప్పుకు మందు కూడా, ఖైదీలను తమను పట్టుకున్నవాళ్ళ చేతిలోంచి తప్పించడమే. అది 1952 ఏప్రిల్‌లో చేసి ఉంటే ఆ 70,000 అంకె ఎంతయ్యేదో ఊహించవచ్చు. మరి శాంతి వచ్చిందా అంటే, రాలేదు. 1954 జెనీవా సమావేశం విఫలమైంది, ఇప్పటికీ కొరియాలో ఉన్నది యుద్ధవిరామమే. యుద్ధవిరామాన్ని శాంతి అని నేను పిలవను. కానీ ఆ విరామం నీడలో రెండు తరాలు పెరిగాయి, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు దూరంగా కూర్చున్న మనకు లేదు.

అదే ఉపాయం ఇంకో చోట, ఇంకో వస్తువు మీద పనిచేసింది. ఉత్తర ఐర్లాండ్‌లో 1998 ఏప్రిల్ 10 ఒప్పందానికి ప్రజలు 71 శాతం ఓట్లతో మద్దతు పలికారు. అధికారం ఎలా పంచుకోవాలో తేలిపోయింది. తేలనిది, బ్రిటిష్ పాలన మీద సాయుధంగా పోరాడిన ఐఆర్ఎ ఆయుధాలు. బ్రిటిష్ సైన్యానికి తుపాకులు అప్పగిస్తే అది లొంగుబాటు, చావనైనా చస్తాం గానీ ఆ పని చేయబోమన్నారు వాళ్ళు. ఆయుధాలు ఇళ్ళలో దాచుకున్నవాళ్ళతో మంత్రివర్గంలో కూర్చోబోమన్నారు, బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులు. ఈ ఒక్క కారణంగా కొత్త ప్రభుత్వం 2000లో కొన్నాళ్ళు రద్దయింది కూడా. దారి చూపినది కెనడా జనరల్ జాన్ డి షాట్‌లెన్ నాయకత్వంలోని స్వతంత్ర సంఘం. ఆయుధాలు శత్రువుకు ఇవ్వక్కర్లేదు, సంఘం కళ్ళెదుట నిరుపయోగం చేస్తే చాలు. యూనియనిస్టు నాయకుడు పెయిస్లీ ఫోటోలు కావాలన్నాడు, ఐఆర్ఎ ఒప్పుకోలేదు, ఫోటో అంటే లొంగుబాటు బొమ్మ కదా. చివరికి ఒక కాథలిక్ మతాచార్యుడు, ఒక ప్రొటెస్టంట్ మతాచార్యుడు సాక్షులుగా నిలబడ్డారు. 2005 సెప్టెంబరులో ఆ పని పూర్తయిందని సంఘం ప్రకటించింది. 2007 మేలో పెయిస్లీ, మాజీ ఐఆర్ఎ నాయకుడు మెక్‌గిన్నెస్ ఒకే ప్రభుత్వంలో పదవులు చేపట్టారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2004 అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాదులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మావోయిస్టు, జనశక్తి పార్టీల ప్రతినిధులకూ చర్చలు జరిగాయి. ప్రభుత్వం తరఫున హోం మంత్రి జానారెడ్డి, అటు మావోయిస్టు నాయకుడు రామకృష్ణ తదితరులు. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటి మచ్చలేని మనిషి ఆధ్వర్యంలో పౌరస్పందన వేదిక ఏళ్ళ తరబడి పాటుపడితే గానీ ఆ రోజు రాలేదు. ఆ నాలుగు రోజుల్లో ఎక్కువ చర్చ భూమి మీద సాగింది. భూమి విషయంలో మాట్లాడుకోవడానికి వీలుందని తేలింది కూడా. అదే ఏడాది చివర కోనేరు రంగారావు అధ్యక్షతన ప్రభుత్వమే భూమి కమిటీ వేసింది, అది 2006లో 104 సిఫారసులు ఇచ్చింది. ఇరుక్కున్నది తుపాకీ దగ్గర. ఊళ్ళలో ఆయుధాలతో తిరగకూడదని ప్రభుత్వం. ఆయుధం వదిలితే మా ప్రాణాలకు ఎవరు పూచీ అని వాళ్ళు. రెండో విడత చర్చలు జరగనే లేదు. 2005 జనవరిలో ఎదురుకాల్పుల తర్వాత వాళ్ళు చర్చల నుంచి తప్పుకున్నారు. ఆగస్టు 15న మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి హత్య, రెండు రోజులకే మళ్ళీ నిషేధం. అంతకు ముందు నెల, చర్చల బల్ల దగ్గర కూర్చున్న జనశక్తి ప్రతినిధి రియాజ్ పోలీసుల చేతిలో చనిపోయాడు. తప్పు ఎవరిదన్న వాదం తెలుగు పత్రికల్లో ఏళ్ళ తరబడి నడిచింది. నాకు కనిపించే లోటు వేరు. శంకరన్ గారికి, ఆయన సహచరులకు నైతిక బలం ఉంది. కానీ ఆ తుపాకులను గానీ, తుపాకులు వదిలిన మనుషుల ప్రాణాలను గానీ తన చేతిలో పెట్టుకొని పూచీ పడగల మూడో వ్యవస్థ ఏర్పడలేదు. వచ్చినవాళ్ళు ఆయుధాలు ప్రభుత్వానికి ఇవ్వాలి, లేదా తమ దగ్గరే ఉంచుకోవాలి. మూడో దారి అంటూ ఎవరూ వేయలేదు.

సార్వభౌమ ప్రభుత్వం, నిషేధిత సంస్థ సమానమా, వాటి మధ్య మూడో చెయ్యేమిటని అడుగుతారు. సమానం కాదు. కానీ బ్రిటన్ కూడా సార్వభౌమ ప్రభుత్వమే. తన నేల మీద, తన సైనికులను చంపిన సంస్థ ఆయుధాల వ్యవహారాన్ని ఒక కెనడా జనరల్ చేతిలో పెట్టింది. దానివల్ల ఆ ప్రభుత్వం పలచనైందని ఇవాళ ఎవరూ అనరు. ఇక శ్రీలంక మాటేమిటి? అక్కడ ప్రభుత్వానికీ, తమిళుల సాయుధ సంస్థ ఎల్‌టీటీఈకీ మధ్య నార్వే మధ్యవర్తి. 2002 ఫిబ్రవరి కాల్పుల విరమణ తర్వాత నార్డిక్ దేశాల పర్యవేక్షణ బృందం కూడా ఉంది. అయినా 2008 జనవరిలో ఒప్పందం తెగిపోయింది, 2009లో ఎల్‌టీటీఈ తుడిచిపెట్టుకుపోయేదాకా, దాంతో పాటు వేలాది సాధారణ తమిళులు చచ్చేదాకా యుద్ధం నడిచింది. ఇది నా వాదానికి తగిలే గట్టి దెబ్బే. అయితే ఆ బృందం ఏం చేసిందో చూడండి. ఉల్లంఘనలను లెక్కపెట్టింది, వేలకొద్దీ, వాటిలో ఎక్కువ ఎల్‌టీటీఈవి. లెక్కపెట్టడమే గానీ దాని చేతిలో ఎవరూ ఏదీ పెట్టలేదు, ఒక తుపాకీ గానీ, ఒక ఊరు గానీ, ఒక మనిషి గానీ. చూసే కన్నుకూ పట్టుకునే చేతికీ చాలా తేడా ఉంది. దానికి మించి, యుద్ధం ఆగాలన్న కోరికే ఒక పక్షానికి లేకపోతే ఎంత మంచి పద్ధతైనా దాన్ని పుట్టించలేదు. అంతవరకు ఈ వాదానికి హద్దుందని ఒప్పుకుంటాను. కోరిక ఉండి కూడా ఆగిపోయిన సంధులే నన్ను బాధపెడతాయి, కొరియాలో 1952 ఏప్రిల్ నుంచి 1953 జూలై దాకా నడిచిన ఆ పదిహేను నెలలలాంటివి.

చర్చలకు సిద్ధపడే ఏ పక్షమైనా, ఏ ప్రభుత్వమైనా, ఎజెండాలో ఏం ఉండాలన్న దానికంటే ముందు తేల్చుకోవలసింది, ఎవరికీ ఇవ్వలేనివి ఎవరి చేతిలో పెడతామన్నది. ఆ చేతికి సొంత జీతాలు, సొంత కాపలా, రెండు పక్షాలూ తిట్టినా నిలబడే గడువు ఉండాలి. ఆ పని చేయడానికి మనుషులు దొరకడం తేలిక కాదు. తిమ్మయ్య 1954 జనవరిలో, ఖైదీల భవితవ్యం తేల్చాల్సిన రాజకీయ సమావేశం అప్పటికి జరగనే లేదు కాబట్టి, మిగిలిపోయిన ఖైదీలను ఎక్కడి నుంచి తెచ్చారో అక్కడికే అప్పగించవలసి వచ్చింది. ఏ వైపుకూ పోబోమన్న ఎనభై మందికి పైగా మనుషులను మాత్రం మన సైన్యం తనతో పాటు ఓడలో భారతదేశానికి తీసుకొచ్చింది. వాళ్ళ తిండి, వసతి, చదువు, తర్వాత పంపడానికి ఒక దేశం వెతకడం, అన్నీ మన ప్రభుత్వం మీదే పడ్డాయి. ఆ బాధ్యత తీరడానికి ఏళ్ళు పట్టింది. మధ్యవర్తిగా నిలబడతామని ముందుకొచ్చే దేశమైనా సంఘమైనా, ఈ ఖర్చును కూడా మొదటి రోజే తమ లెక్కలో వేసుకోవాలి.